సైలెన్సర్‌కు పైసలున్నాయి, టైర్లకు లేవా?

ఇరవై ఏళ్లుగా నేను ఒకే వాక్యం రాస్తున్నాను. "అతివేగమే ప్రమాదానికి కారణమని పోలీసులు తెలిపారు." కరీంనగర్‌లో రాశాను, ఆదిలాబాద్‌లో రాశాను. రాజీవ్ రహదారి గురించి రాశాను, మహబూబ్ ఘాట్ మలుపుల గురించి రాశాను. పేరు మారుతుంది, వయసు మారుతుంది, ఊరు మారుతుంది. వాక్యం మాత్రం మారదు. పోయిన చాంద్‌రాత్ నాడు ఆ వాక్యం మా ఖాందాన్‌లోకే వచ్చింది. అది సగం అబద్ధమని అప్పుడుగానీ నాకు సమజ్ కాలేదు.

మా చెల్లె కొడుకుకు పందొమ్మిదేళ్లు. వాళ్ల అబ్బా దమ్మామ్‌లో ఉంటాడు. ఆయన పంపిన పైసలతో పాత స్విఫ్ట్ కారు కొన్నారు. పిల్లగాడికి రేస్ కార్ల పిచ్చి. "కారును తయార్ చేస్తున్న మామూ" అని నెలంతా ఒకటే పాట. ఏం తయార్ చేశాడు? వెనక రెక్క బిగించాడు. పసుపు స్టిక్కరింగ్ చేయించాడు. కింద నీలం లైట్లు, డిక్కీలో బేస్ బాక్స్. చివరికి మొహల్లా మొహల్లా ఉలిక్కిపడే సైలెన్సర్. ఆ సైలెన్సర్‌కు పదిహేను వేలు ఇచ్చింది ఎవరో తెలుసా? నేనే. ఈదీ అని ముందుగానే ఇచ్చాను. "మామూ జిందాబాద్" అన్నాడు. నేను నవ్వాను.

సైలెన్సర్ బిగించిన ఉస్తాద్ ముప్పై ఏళ్లుగా కార్ల కింద పడుకుని బతికిన మనిషి. టైరు మీద వేళ్లు పెట్టి చూసి చెప్పాడు: "బేటా, ఇవి గుండు అయినయ్. ముందుగాల ఇవి మార్పియ్. బ్రేక్ ఆయిల్ గూడ నల్లగైంది, సైలెన్సర్ తర్వాత చూద్దాం." పిల్లగాడు "ఈద్ అయినాక ఉస్తాద్" అన్నాడు. ఆ రాత్రి కేబుల్ బ్రిడ్జి వైపు పోయే మలుపులో సన్నటి ఇసుక ఉంది. కారు తిరిగిపోయి డివైడర్‌ను గుద్దుకుంది. మా వాడికి కాలర్ ఎముక విరిగింది. వెనక కూర్చున్న దోస్తుకు మోకాలి కింద కాలు తీసేశారు.

మర్నాడు పేపర్‌లో సింగిల్ కాలమ్ వార్త వచ్చింది. అతివేగమే కారణం. డ్యూటీలో నేనుంటే నేనూ అదే రాసేవాణ్ని. దవాఖానా వరండాలో ఆ దోస్తు అమ్మీ నన్ను ఒకటే అడిగింది: "భాయ్‌సాబ్, మీరు పేపర్ల రాసేటోళ్లు కదా, ఇదంతా మీకైనా ఎరుక లేదా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబే.

వేగం తప్పే, అందులో బహస్ లేదు. ఊరి రోడ్డు మీద అది గునాహ్ అని కూడా అంటాను. కానీ వేగం ఒక్కటే కారణమని రాసి చేతులు దులుపుకుంటే మిగతా ముజ్రిములందరూ బయటపడిపోతారు. గుండు టైర్లు బయటపడతాయి. రెండేళ్లుగా మార్చని బ్రేక్ ఆయిల్ బయటపడుతుంది. ఉస్తాద్ మాట వినని మన తకబ్బుర్ బయటపడుతుంది. సైలెన్సర్‌కు పైసలిచ్చిన మామూ బయటపడతాడు.

మా ఖాలా కొడుకు అమెరికాలో మిషిగన్‌లో ఉంటాడు. హాదసా సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే చాలాసేపు మౌనంగా ఉండి, "భయ్యా, నేను గూడ ఆదివారాలు కారు ఉరికిస్త. కానీ ఇట్ల కాదు" అన్నాడు. వాడు చెప్పింది ఆటోక్రాస్ అనే ఆట గురించి. మనవాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఖాళీ పార్కింగ్ మైదానమో, వాడకంలో లేని ఎయిర్‌స్ట్రిప్పో తీసుకుంటారు. నేల మీద ప్లాస్టిక్ కోన్లు పేర్చి వంకరటింకర దారి గీస్తారు. కార్లు ఒక్కొక్కటిగా పోతాయి. ఒకరినొకరు దాటడం, రాసుకోవడం ఉండదు. ముఖాబలా గడియారంతోనే. కోన్‌కు తగిలితే మీ టైముకు రెండు సెకన్లు కలుపుతారు. హెల్మెట్ లేకుంటే మైదానంలోకి రానివ్వరు. ముందు కారును తనిఖీ చేస్తారు. చక్రం వదులుగా ఉన్నా, బ్రేక్ మెత్తగా ఉన్నా వాపస్ పంపిస్తారు. దారి ఎంత ఇరుకుగా గీస్తారంటే ఎక్కువ భాగం సెకండ్ గేర్‌లోనే గడిచిపోతుంది. తప్పు చేస్తే పడేది కోన్, మనిషి కాదు. అక్కడ ఎస్‌సీసీఏ అనే క్లబ్ ఈ ఆటను సోలో అనే పేరుతో నడుపుతోంది. 1973 నుంచి జాతీయ పోటీలు పెడుతోంది. ఆడేవాళ్లు రేసర్లు కాదు. నౌకరీ చేసుకునేవాళ్లు, దుకాణం నడిపేవాళ్లు, రిటైర్ అయినవాళ్లు.

ఇందులో అసలు మజా క్లాసుల్లో ఉంది. కారుకు ఏం మార్చారన్న దాన్ని బట్టి క్లాసు పడుతుంది. స్ట్రీట్ క్లాసులో దాదాపు కంపెనీ నుంచి వచ్చిన కారే ఉండాలి. షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు, బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవచ్చు, కారు పక్కలకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ ఒకటి మార్చుకోవచ్చు. టైరు పక్కన అచ్చు వేసే ట్రెడ్‌వేర్ అంకె 200కు తగ్గొద్దు. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తగా, నేలకు అతుక్కునేలా ఉంటుంది, కానీ తొందరగా అరుగుతుంది. రూల్ దాటి ఒక్క పార్ట్ బిగించినా పై క్లాసులో పడతారు. అక్కడ మీకంటే పదింతలు తయారైన కార్లుంటాయి.

మా వాడు చేసిన గల్తీ అదే. పాత మజ్దా మియాటా కొన్నాడు. రెండే సీట్లు, వెనక చక్రాలకు తాకత్, టన్ను అటూ ఇటుగా బరువు. 1989లో వచ్చిన ఈ స్పోర్ట్స్ కారంటే ఆటోక్రాస్ ఆడేవాళ్లకు జాన్. మనవాడు ముందుగా ఇంజన్‌కు టర్బో బిగించాడు. తీసుకెళ్లి పై క్లాసులో పడేశారు. ఏడాదంతా ఆఖరి నంబరే. తర్వాత టర్బో అమ్మేసి ఆ పైసలతో మంచి టైర్లు, షాకులు కొన్నాడు, అలైన్‌మెంట్ చేయించాడు. స్ట్రీట్ క్లాసుకు తిరిగొచ్చాడు. అయినా తల నెరిసిన ఒక స్కూల్ టీచరమ్మ అదే మోడల్ కారుతో వాణ్ని మూడు సెకన్ల తేడాతో ఓడించింది. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ తిప్పి, "నువ్వు కోన్‌ను చూస్తున్నవ్, కోన్ దాటినాక దారి ఎటుందో చూడు" అందట. వాడి కారులో ఇంకా తయారు కాని పార్ట్ వాడేనని ఆ రోజు తెలిసిందన్నాడు.

ఈ మాట వినగానే నాకు మా ఉర్దూ మీడియం బడిలో దీనియాత్ చెప్పిన మౌల్వీ సాబ్ గుర్తొచ్చారు. ఇలాంటివన్నీ లహ్వ్ అని, షైతాన్ పని అని కొట్టిపారేసే బుజుర్గులు ఈ ముక్క జర ఓపికగా చదవాలి. సహీ బుఖారీలో హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమర్ (రజి) రివాయత్ ఉంది. మదీనాలో హుజూర్ (స) గుర్రాల పందేలు పెట్టించారు. అందులో రెండు తరగతులున్నాయి. ఇద్మార్ చేసిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియతుల్ విదా దాకా పొడవైన దౌడ్. ఇద్మార్ చేయని గుర్రాలకు సనియా నుంచి బనూ జురైఖ్ మస్జిద్ దాకా చాలా పొట్టి దౌడ్. ఇబ్నె ఉమర్ (రజి) స్వయంగా ఆ దౌడ్‌లో పాల్గొన్నారు.

ఇద్మార్ అంటే ఏమిటి? గుర్రాన్ని ముందు బాగా మేపి, తర్వాత మేత తగ్గించి, గుడ్డ కప్పి చెమట పట్టించి, కొవ్వు కరిగించి, దమ్ పెంచి దౌడ్‌కు తయారు చేయడం. గుర్రానికి గజ్జెలు కట్టడం ఇద్మార్ కాదు. జీనుకు జరీ కుట్టించడం ఇద్మార్ కాదు. తయారైన దానికి ఒక దూరం, తయారు కాని దానికి ఇంకో దూరం. ఇన్సాఫ్ కోసం, జానవర్ జాన్ కోసం పద్నాలుగు వందల ఏళ్ల కింద చేసిన ఏర్పాటు ఇది. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. జూదం హరామ్ అన్న దాంట్లో నాకు షక్ లేదు. కానీ తయారీ, క్లాసు, మైదానం ఈ మూడూ మన రివాయత్‌కు పరాయివని మాత్రం ఎవరూ నాకు చెప్పొద్దు. మనకు పరాయి అయింది ఇద్మార్. మనకు అలవాటైంది గజ్జెలు.

మరి కారుకు ఇద్మార్ ఎలా చేస్తారు? మా ఉస్తాద్‌ను, మిషిగన్ వాణ్ని ఇద్దరినీ ఫోన్‌లో కలిపి అడిగాను. ఇద్దరి వరస ఒకటే.

ముందు రూల్ పుస్తకం చదవాలి. ఏ క్లాసులో ఆడాలో తేల్చుకోకుండా ఒక్క స్క్రూ కూడా కొనొద్దు. తర్వాత కారు సేహత్. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, వీల్ బేరింగులు, ఇంజన్ మౌంటింగులు వదులుగా ఉన్నాయేమో చూడాలి. బ్యాటరీ కదలొద్దు. కారులో దొర్లే సామాను ఏదీ ఉండొద్దు. ఆ తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరితే వేడికి లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. కొత్త ప్యాడ్ల కంటే ముందు ఇది.

ఇక టైర్లు. కారు మొత్తంలో నేలను తాకేవి నాలుగు అరచేతులంత రబ్బరు ముక్కలే. ఇంజన్ ఇచ్చే తాకత్, బ్రేక్ ఆపే తాకత్, మలుపు తిప్పే తాకత్, అన్నీ వాటి గుండానే పోవాలి. గాలి ఎంత పెట్టాలో తెలుసుకోవడానికి టైరు అంచున సుద్దముక్కతో గీత గీసి ఒక రౌండ్ తిప్పుతారు. సుద్ద పక్క గోడ దాకా చెరిగిపోతే గాలి తక్కువైనట్టు, అంచు దగ్గర అసలు చెరగకుంటే ఎక్కువైనట్టు. పది రూపాయల సుద్ద డబ్బా నేర్పే ఇల్మ్ ఇది.

ఆ తర్వాత అలైన్‌మెంట్. మలుపులో కారు ఒరిగినప్పుడు టైరు మొత్తం నేలకు ఆనాలంటే, నిలబడ్డప్పుడు ముందు చక్రాలు పైభాగంలో కొద్దిగా లోపలికి వాలి ఉండాలి. దీన్ని నెగెటివ్ కాంబర్ అంటారు. ఎక్కువ పెడితే మన రోడ్ల మీద లోపలి అంచు అరిగిపోతుంది, అందుకే హద్దు తెలియాలి. మిషిగన్ వాడు మైదానంలో కారు చుట్టూ చేపల గాలం తీగ కట్టి చక్రాలు సరిచేసే వీడియో పంపాడు. చూసి ఉస్తాద్ పడీపడీ నవ్వాడు. "అరే, ఇదేం కొత్త? దారం కట్టి అలైన్‌మెంట్ జేసుడు మా ఉస్తాద్ నాకు నేర్పిండు." మిషిగన్‌లో ఇంజనీర్లు షౌఖ్‌గా చేసేది మన గ్యారేజీ మిస్త్రీ రోటీ కోసం చేస్తున్నాడు.

తర్వాత షాకులు, యాంటీ రోల్ బార్. స్విఫ్ట్ లాంటి ముందు చక్రాల తాకత్ కార్లు మలుపులో తిరగకుండా ముందుకే జారుతాయి. వెనక బార్ కొంచెం గట్టిది వేస్తే ఆ రోగం తగ్గుతుంది. కోరినదానికంటే గట్టిది వేస్తే వెనక భాగం తిరిగిపోతుంది. ఇక ఇంజన్ తాకత్? వరసలో అది ఆఖరిది. సైలెన్సర్ చప్పుడు? అది వరసలోనే లేదు.

ఇప్పుడు హిసాబ్ చూడండి. రెక్క, స్టిక్కరింగ్, లైట్లు, బేస్ బాక్స్, సైలెన్సర్, అన్నీ కలిపి మా వాడి ఖర్చు దాదాపు అరవై వేలు. నాలుగు కొత్త టైర్లు, బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, అలైన్‌మెంట్‌కు ఉస్తాద్ రాసిచ్చిన చిట్టీ అందులో సగం. "మన గరీబ్ ఖౌమ్‌కు కార్ల ఆటలా?" అని అడిగే భాయియో, ఆట మనం ఆల్రెడీ ఆడుతున్నాం. ఖర్చు ఆల్రెడీ పెడుతున్నాం. బారాత్‌లో కార్ల ఖతార్ పెట్టి అరగంట పొగ లేపుతున్నాం. వలీమా నాడు దుల్హా కారు మీద లేచి నిలబడితే వీడియో తీస్తున్నాం. దిఖావాకు పైసలు దొరుకుతాయి, హిఫాజత్ మాట వస్తేనే గుర్బత్ గుర్తొస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పి తీరాలి. పిల్లను ఇవ్వడానికి పోయినప్పుడు "లడ్కా గ్యారేజ్‌లో పనిచేస్తడు" అంటే మన ముఖాలు ఎలా మారతాయో నాకు తెలుసు, మీకూ తెలుసు. వేళ్ల సందులో గ్రీజు కనపడితే తక్కువ మనిషి. చెవితో విని ఏ సిలిండర్ పనిచేయట్లేదో చెప్పగల హునర్‌కు మనం ఇచ్చే ఇజ్జత్ ఇంతే. అందుకే పిల్లగాడు ఉస్తాద్ మాట వినలేదు. గ్రీజు చేతుల మాట వినాలని మనం వాడికి ఎన్నడూ నేర్పలేదు. ఆ ఉస్తాద్‌లనే ఒక ఆదివారం మైదానంలో నిలబెట్టి, "కారు పాసా ఫెయిలా చెప్పు" అని హక్ ఇచ్చి చూడండి. అదే పిల్లలు చేతులు కట్టుకుని నిలబడతారు.

ఖానూన్ సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం సర్కార్ రాతపూర్వక ఇజాజత్ లేకుండా పబ్లిక్ జాగాలో రేసు పెడితే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు, 10,000 దాకా జుర్మానా. రూల్‌కు విరుద్ధంగా బండిని మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 జుర్మానా లేదా ఆరు నెలల దాకా ఖైద్, రెండూ కూడా పడొచ్చు. మైనర్ పిల్లగాడు నేరం చేస్తే 199ఏ కింద తల్లిదండ్రులకో, బండి ఓనర్‌కో మూడేళ్ల దాకా జైలు, 25,000 జుర్మానా. ఆ పిల్లగాడికి ఇరవై ఐదేళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. 2019 సవరణ తర్వాత ఖానూన్ ఇంత సఖ్త్‌గా ఉంది. కానీ ఖానూన్ "ఇక్కడ వద్దు" అంటుంది. "మరెక్కడ?" అన్న సవాల్‌కు జవాబు ఇవ్వదు.

ఆదిలాబాద్‌లో పనిచేసిన రోజుల్లో నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ మలుపుల్లో పిల్లలు కార్లు ఉరికించడం చూశాను. లారీ ఎదురొచ్చే దారి అది. ఒకణ్ని ఆపి తిట్టాను. "చిచ్చా, మరి యాడ నడపాలె?" అన్నాడు. బద్తమీజ్ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే వాడు అడిగింది ఖానూన్ అడగని సవాల్.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్. మన గ్యారేజీ పిల్లలు ఫోన్లలో చూశారు. మరుసటి ఏడాది రేసు రద్దయింది, డబ్బు లెక్క ఏసీబీ కేసు దాకా పోయింది. ఎవరు సహీ, ఎవరు గలత్ అన్నది అదాలత్ తేలుస్తుంది. నా బాధ వేరే. కోట్ల రేసు రావాలా వద్దా అని రాష్ట్రమంతా కొట్లాడింది. కోన్లు, గడియారం, హెల్మెట్లు, ఒక అంబులెన్స్‌తో జరిగే ఆట గురించి మాత్రం ఒక్క లీడర్ నోరు విప్పలేదు.

మద్రాసు దగ్గర షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు దాని మీదే ఏళ్ల తరబడి రేసులు నడిపారు. ఇరుంగట్టుకోట్టైలో పక్కా ట్రాక్ వచ్చింది 1990లో. అంటే ముందు వచ్చింది ఖాళీ నేల, తర్వాతే ట్రాక్. మన దగ్గర ఖాళీ నేల లేదా? రామగుండం పక్కన బసంత్‌నగర్‌లో ఒకప్పుడు వాయుదూత్ విమానాలు దిగిన ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఆదిలాబాద్‌లో నిజాం జమానా ఎయిర్‌స్ట్రిప్ నేల ఉంది. విమానాశ్రయాలు వస్తే ఖుషీ, రావాలి కూడా. అవేవీ కాకపోయినా జమ్మికుంటలో, ఆదిలాబాద్‌లో పత్తి సీజన్ అయిపోయాక మార్కెట్ యార్డుల్లో ఖాళీ జాగా ఉంటుంది. షెడ్లకు, స్తంభాలకు దూరంగా చదునైన నేల చూసి, నెలకు ఒక్క ఆదివారం, ఫజర్ నుంచి జొహర్ దాకా ఇవ్వండి.

కలెక్టర్ల ముందు, ఎమ్మెల్యేల ముందు నా ముతాలబా ఇదే. ఇజాజత్ రాతపూర్వకంగా ఇవ్వండి. దేశంలో మోటార్ స్పోర్ట్స్ చూసుకునే ఎఫ్ఎంఎస్‌సీఐ రూల్స్ ప్రకారం నడిపించండి. బీమా, అంబులెన్స్, ఫైర్ సిలిండర్లు తప్పనిసరి చేయండి. మొదటి క్లాసు ఇంటి కార్లకే ఉండాలి, కంపెనీ సైలెన్సర్‌తోనే రావాలి. ఆడపిల్లలకూ దర్వాజా తెరిచి ఉండాలి. గడియారానికి మర్ద్, ఔరత్ ఫరక్ తెలియదు, ఆ టీచరమ్మే గవాహ్.

మన ఇళ్ల ముందు నా ముతాలబా ఇంకా చిన్నది. కొడుకు "కారు తయార్ చేస్తున్నా" అంటే వంగి టైర్లు చూడండి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావని అడగండి. ఉస్తాద్ చెప్పనిదే ఒక్క రూపాయి ఇవ్వకండి. రాత్రి పూట రోడ్డు మీద ఉరికిస్తే తాళం లాక్కోండి. పొద్దున మైదానంలో ఉరికిస్తానంటే దువా ఇచ్చి పంపండి. ఇప్పుడు మనం చేస్తున్నది పూరా ఉల్టా. రోడ్డు మీద చేస్తే "జవానీ కదా" అంటాం, మైదానం అంటే "ఫుజూల్ ఖర్చీ" అంటాం.

ఆ దోస్తుకు జైపూర్ కాలు పెట్టారు. మొన్న వాళ్లింటికి పోయాను. వాడు నాతో మాట్లాడలేదు, మాట్లాడాలని అడిగే హక్ కూడా నాకు లేదు. వాళ్ల అమ్మీ చాయ్ ఇచ్చింది. మా భాంజా ఇప్పుడు ఆదివారాలు ఉస్తాద్ దగ్గర దారం పట్టుకుని కూర్చుంటున్నాడు. సైలెన్సర్ విప్పేసి కంపెనీదే బిగించారు, నాలుగు టైర్లు కొత్తవి వేశారు. ఆ బిల్లు నేనే కట్టాను. ఏడాది ముందు కట్టాల్సిన బిల్లు అది.